అద్భుతాలు చేయని పునీతుడు: పాట్రియార్క్ నికెఫోరస్ గురించి అడిగిన ప్రశ్నకు సమాధానం

మీరు ఒకే ప్రశ్నలో మూడు సంగతులు అడిగారు. కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) పాట్రియార్క్, అంటే అక్కడి క్రైస్తవ సంఘానికి పెద్ద అయిన నికెఫోరస్ అసలు ప్రభుత్వ ఉద్యోగి కదా, ఆయన్ని పునీతుడని ఎందుకు అన్నారు? చక్రవర్తి చెప్పినదానికల్లా తలూపాడని సాటి సన్యాసులే తప్పుపట్టారు కదా? ఆయన రాసినవాటిలో ముందు ఏది చదవాలి? బైజాంటియన్, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యపు చరిత్రను చాలాకాలంగా చదువుతూ, చదివిస్తూ వచ్చినవాణ్ణి. ఈ మనిషి మీద నాకు ఎంతో గౌరవం. అందుకే కొంచెం పెద్ద సమాధానమే రాస్తున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో నికెఫోరస్ పేరుతో ఇద్దరున్నారు. ఒకరు 802 నుంచి 811 వరకు ఏలిన చక్రవర్తి, రెండోవారు 806 నుంచి 815 వరకు పాట్రియార్క్. ఇద్దరికీ మొదటి నికెఫోరస్ అనే పేరే వాడతారు కాబట్టి నెట్‌లో చదివేటప్పుడు ఒకరి సంగతులు ఇంకొకరికి అంటగట్టడం తరచూ కనిపిస్తుంది. ఆ చక్రవర్తి, ఖజానా అధికారిగా ఉండి సింహాసనం ఎక్కినవాడు. మనం మాట్లాడుకునేది రెండో ఆయన గురించి.

ఈయన సుమారు 758లో కాన్‌స్టాంటినోపుల్‌లో పుట్టాడు. తండ్రి థియోడోర్ చక్రవర్తి కార్యాలయంలో కార్యదర్శి. అప్పుడు ఏలుతున్నది ఐదో కాన్‌స్టంటైన్. క్రీస్తు, మరియ, పునీతుల పటాలకు మొక్కడం విగ్రహారాధనేనని గట్టిగా నమ్మి, 754లో హియెరియాలో బిషప్పుల సభ పెట్టించి మరీ నిషేధించిన చక్రవర్తి ఆయన. థియోడోర్ ఇంట్లో పటాలున్నాయని ఎవరో చెప్పారు. ఉద్యోగం పోయింది, కొరడా దెబ్బలు పడ్డాయి, దూరంగా పిమోలిస్సా అనే కోటకు పంపేశారు. తర్వాత వెనక్కి పిలిచి అడిగితే మళ్ళీ అదే మాట చెప్పాడు. ఈసారి నైసియాకు పంపారు, ఆరేళ్ళ తర్వాత అక్కడే చనిపోయాడు. భర్తతో పాటు ప్రవాసంలో ఉన్న తల్లి యుడోకియా తర్వాత మఠంలో చేరింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. 815లో కొడుకు ఎదుటికి వచ్చిన ప్రశ్న ఆ ఇంటికి కొత్తది కాదు.

అలాంటి తండ్రి కొడుకు మళ్ళీ అదే కార్యాలయంలో కార్యదర్శిగా చేరాడు. పై అధికారి తరాసియోస్. ఈ తరాసియోస్‌నే 784లో ఐరీన్ మహారాణి ఉద్యోగంలోంచి నేరుగా పాట్రియార్క్‌ను చేసింది. 787లో నైసియాలో రెండో సభ కూడి పటాల ఆరాధనను తిరిగి నిలబెట్టినప్పుడు, యువకుడైన నికెఫోరస్ ప్రభుత్వం తరఫున అక్కడ ఉన్నాడు. తండ్రి ఏ ఊళ్ళో ప్రవాసంలో పోయాడో ఆ ఊళ్ళోనే, తండ్రి నమ్మినదాన్ని సభ ఒప్పుకుంటుంటే చూశాడు.

ఆ తర్వాత ఉద్యోగం వదిలేసి బోస్పొరస్ అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయాడు. అక్కడ మఠం కట్టించాడు, తాను మాత్రం దీక్ష తీసుకోలేదు. పుస్తకాలు, ప్రార్థన, ఉపవాసం, అంతే. కొన్నేళ్ళకు రాజధానిలోని అతి పెద్ద పేదల ఆశ్రమాన్ని నడపమని పిలిస్తే వచ్చాడు. లెక్కలు, దస్త్రాలు తెలిసిన మనిషికి తగిన పనే.

806లో తరాసియోస్ చనిపోయాక గొడవ మొదలైంది. ఎవరిని ఎన్నుకోవాలో చక్రవర్తి చాలామందిని అడిగాడు. రాజధానిలోని స్టూడియోస్ మఠానికి అధిపతి థియోడోర్ (ఈయనా థియోడోరే, తండ్రి పేరుతో కలపకండి) జవాబు రాస్తూ బిషప్పుల్లోంచో, మఠాధిపతుల్లోంచో, ఏకాంతవాసుల్లోంచో, స్తంభాల మీద తపస్సు చేసేవాళ్ళలోంచో చూడమన్నాడు. చక్రవర్తి చూపు మాత్రం కార్యదర్శి మీద పడింది. నికెఫోరస్‌కు గబగబా సన్యాస దీక్ష, ఆపైన యాజక హోదాలు ఇచ్చి ఏప్రిల్ 12న, ఈస్టర్ ఆదివారం నాడు పాట్రియార్క్‌గా అభిషేకించారు. నిన్నటిదాకా మామూలు ఉద్యోగిగా ఉన్నవాడు ఒక్కసారిగా సంఘానికి పెద్ద కావడం నియమాలకు విరుద్ధమని థియోడోర్, ఆయన మేనమామ ప్లేటో గట్టిగా అన్నారు. వాళ్ళని కొన్నాళ్ళు నిర్బంధించారు కూడా. అభిషేకం రోజున నికెఫోరస్ పటాల ఆరాధనను సమర్థిస్తూ తాను రాసిన పత్రాన్ని చేతిలో పట్టుకుని, తర్వాత దాన్ని బలిపీఠం దగ్గర సాక్ష్యంగా ఉంచాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది.

ఇప్పుడు మీ రెండో సంగతికి వస్తాను. ఆయనకు అసలు చెడ్డపేరు తెచ్చింది ఈ ఎన్నిక కాదు, ఒక పాత పెళ్ళి. 795లో ఆరో కాన్‌స్టంటైన్ చక్రవర్తి భార్య మరియను మఠానికి పంపి, అంతఃపురంలో ఉండే థియోడోటిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళి జరిపించినవాడు జోసెఫ్ అనే యాజకుడు. రెండేళ్ళ తర్వాత కన్నతల్లి ఐరీన్ ఆ చక్రవర్తి కళ్ళు తీయించి గద్దె ఎక్కాక, జోసెఫ్ యాజక హోదా పోయింది. 803లో బార్డనేస్ అనే సేనాని తిరుగుబాటు చేసినప్పుడు మాత్రం ఇదే జోసెఫ్ మధ్యవర్తిగా వెళ్ళి దాన్ని చల్లార్చాడు. చక్రవర్తి నికెఫోరస్ ఆ రుణం తీర్చుకోవాలనుకున్నాడు. జోసెఫ్‌కు హోదా తిరిగి ఇవ్వమని కొత్త పాట్రియార్క్‌ను అడిగాడు. పాట్రియార్క్ 806లో చిన్న సభ పెట్టి ఇచ్చేశాడు.

అక్రమ సంబంధాన్ని దీవించినవాడికి మళ్ళీ బలిపీఠం దగ్గర చోటా అని స్టూడియోస్ సన్యాసులు ఆ పాట్రియార్క్‌తో కలిసి ప్రభువు బల్లలో (క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) పాల్గొనడం మానేశారు. 809లో ఇంకో సభ జరిగింది. థియోడోర్, థెస్సలోనికాకు ఆర్చిబిషప్‌గా ఉన్న ఆయన తమ్ముడు, ముసలివాడైన ప్లేటో, ముగ్గురినీ దగ్గర్లోని దీవులకు పంపేశారు. ఇదంతా పాట్రియార్క్ నికెఫోరస్ చేతుల మీదుగానే జరిగింది. ఆయన అభిమానిగా కూడా దీన్ని నేను మాఫీ చేయలేను. ఆయన తరఫున చెప్పగలిగింది ఒకటుంది. సంఘానికి ఊపిరాడాలంటే కొన్ని చోట్ల నియమాన్ని సడలించవచ్చని బైజాంటియన్ సంఘంలో పాత ఆనవాయితీ ఉంది. తరాసియోస్ కూడా అలాగే నడిచాడు. జోసెఫ్ విషయం విశ్వాసానికి సంబంధించింది కాదు, క్రమశిక్షణకు సంబంధించింది అన్నది నికెఫోరస్ లెక్క. థియోడోర్ దృష్టిలో ఆ తేడాయే లేదు.

811 జులైలో చక్రవర్తి బల్గేరియన్ రాజు క్రుమ్ చేతిలో యుద్ధంలో చనిపోయాడు. ఆయన పుర్రెను పానపాత్ర చేయించుకుని క్రుమ్ తాగాడని అప్పటివాళ్ళు రాశారు. అక్టోబరులో మైకేల్ రంగబే రాజయ్యాడు. కిరీటం పెట్టే ముందు పాట్రియార్క్ అతని దగ్గర రాతపూర్వకంగా హామీ తీసుకున్నాడు: విశ్వాసాన్ని మార్చను, క్రైస్తవుల రక్తం చిందించను, యాజకుల్నీ సన్యాసుల్నీ దండించను అని. జోసెఫ్ హోదా మళ్ళీ పోయింది, సన్యాసులు ప్రవాసం నుంచి వచ్చారు, రాజీ కుదిరింది. ఇన్నాళ్ళూ చక్రవర్తి పంపనివ్వని ఉత్తరాన్ని రోమ్‌లోని పోప్ మూడో లియోకు పంపడానికి కూడా ఇప్పుడే వీలైంది.

ఇంకో మచ్చ గురించి కూడా చెప్పాలి. ఫ్రిజియా, లైకేయోనియా ప్రాంతాల్లో ఉన్న పౌలీషియన్లు, అథింగనోయి అనే భిన్నమతస్థులకు మరణశిక్ష వేయమని మైకేల్‌కు సలహా ఇచ్చినవాళ్ళలో ఈ పాట్రియార్క్ ముందున్నాడు. చరిత్రకారుడు థియోఫనీస్ దీన్ని మెచ్చుకుంటూనే రాశాడు. సంఘం కత్తి పట్టకూడదు, తప్పుదారి పట్టినవాళ్ళకు బోధించాలి గానీ చంపకూడదు అన్నది స్టూడియోస్ థియోడోర్ మాట. ఈ ఒక్క విషయంలో నా మనసు పూర్తిగా థియోడోర్ వైపే. తర్వాత కొందరు ఆపడంతో చక్రవర్తి వెనక్కి తగ్గాడు గానీ అప్పటికే కొన్ని ప్రాణాలు పోయాయి. పునీతుడి పుస్తకంలో ఈ పేజీ చింపేయకూడదు.

812లో క్రుమ్ సంధి అడిగినప్పుడు కూడా ఇద్దరూ ఎదురెదురుగానే నిలబడ్డారు. పాట్రియార్క్ సంధి చేసుకుందామన్నాడు. మన దగ్గర శరణు కోరినవాళ్ళని తిరిగి అప్పగించాలన్న షరతుకు థియోడోర్ ఒప్పుకోలేదు. సంధి కుదరలేదు, ఆ ఏడాది నవంబరులో మెసెంబ్రియా పట్టణం క్రుమ్ చేతికి పోయింది.

ఇక్కడిదాకా చూస్తే నికెఫోరస్ పట్టువిడుపులున్న పాలనాధికారి, అంతకుమించి ఏమీ కనిపించదు. మీ సందేహం న్యాయమైనదే. కానీ ఆయన్ని నిలబెట్టిన సంగతి ఇంకా రాలేదు.

813 జూన్‌లో మైకేల్ వెర్సినికియా దగ్గర ఘోరంగా ఓడిపోయాడు. సేనాని లియో, అంటే ఆర్మీనియన్ ఐదో లియో, జులైలో రాజధానిలోకి వచ్చి కిరీటం పెట్టించుకున్నాడు. పాట్రియార్క్ ఎప్పట్లాగే విశ్వాస ప్రమాణపత్రం అడిగితే, పట్టాభిషేకం అయ్యాక చూద్దామని దాటవేశాడు. కిరీటం పెడుతున్నప్పుడు లియో జుట్టు ముళ్ళలా గుచ్చుకుందని తర్వాతివాళ్ళు కథ చెప్పుకున్నారు. అది కథే, కానీ జనం ఆ పట్టాభిషేకాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారో చెబుతుంది.

లియో ఆలోచన సైనికుడి ఆలోచన. పటాలకు మొక్కిన చక్రవర్తులంతా యుద్ధంలోనో ప్రవాసంలోనో పోయారు, మొక్కని మూడో లియో, ఐదో కాన్‌స్టంటైన్ గద్దె మీదే ఉండగా పోయారు. కాబట్టి దేవుడు ఎవరి వైపు ఉన్నట్టు? వరుస ఓటములు చూసిన సైన్యానికి ఈ లెక్క బాగా నచ్చింది. 814లో జాన్ అనే పండితుడి నాయకత్వంలో కొందరిని కూర్చోబెట్టి పాత గ్రంథాలు వెతికించాడు. 754 నాటి సభ పోగుచేసిన ఉల్లేఖనలు వాళ్ళకు దొరికాయి. డిసెంబరులో పాట్రియార్క్‌ను పిలిచి చాలా మెత్తగా అడిగాడు: పటాలన్నీ తీయొద్దు, జనానికి చేతికందే ఎత్తులో ఉన్నవి మాత్రం తీసేద్దాం, సైనికులు గొడవ చేస్తున్నారు.

ఇన్నేళ్ళూ రాజు మాటకు సర్దుకుపోయిన ఈ మనిషి, ఇంత చిన్న సర్దుబాటు అడిగితే కుదరదన్నాడు. అది వినడానికే చిన్నది. ఎత్తులో ఉన్నదానికి మొక్కవచ్చు, కింద ఉన్నదానికి మొక్కకూడదు అంటే మొక్కడమే తప్పని ఒప్పుకున్నట్టు. జోసెఫ్ విషయంలో వదిలేసినవాడు ఇక్కడ ఎందుకు బిగించాడో ఆయన లెక్కలోంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇది క్రమశిక్షణ కాదు, క్రీస్తు నిజంగా మనిషిగా పుట్టాడా లేదా అన్న ప్రశ్న.

క్రిస్మస్ ముందు బిషప్పుల్నీ మఠాధిపతుల్నీ పోగుచేసి రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. ఆ గుంపులో స్టూడియోస్ థియోడోర్ కూడా ఉన్నాడు. నాలుగైదేళ్ళ క్రితం తనను దీవికి పంపిన పాట్రియార్క్ పక్కన నిలబడి, సంఘం విషయాలు సంఘానికి వదిలేయమని చక్రవర్తి ముఖం మీదే చెప్పాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా ఇష్టమైన ఘట్టం ఇదే.

815 ఆరంభంలో పాట్రియార్క్ జబ్బుపడ్డాడు. ఆయన్ని కాపలాలో పెట్టారు, బయట కొందరు కేకలు వేసి అవమానించారు, సభకు వచ్చి సంజాయిషీ చెప్పమన్నారు. మీకు నన్ను పిలిచే అధికారం ఎవరిచ్చారని అడిగి వెళ్ళలేదు. మార్చిలో, రాత్రి వేళ, బోస్పొరస్ దాటించి తాను కట్టించిన మఠానికే పంపేశారు. ఏప్రిల్ 1న, ఈస్టర్ రోజున, థియోడోటోస్ అనే ఆస్థానోద్యోగిని ఆ పీఠం మీద కూర్చోబెట్టారు. వెంటనే హాగియా సోఫియాలో సభ జరిపి 754 నాటి నిర్ణయాలను మళ్ళీ అమల్లోకి తెచ్చారు.

అప్పటికి నికెఫోరస్ వయసు యాభై ఏడు చిల్లర. ఇంకో పదమూడేళ్ళు బతికాడు. ఆయన అసలు జీవితం ఆ పదమూడేళ్ళలోనే ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే గొప్ప రచనల్లో చాలావాటిని అప్పుడే రాశాడు. ముఖ్యమైనవి ఐదో కాన్‌స్టంటైన్‌కు జవాబుగా రాసిన మూడు ఖండన గ్రంథాలు. ఆ చక్రవర్తి స్వయంగా మతవాదం రాసిన తార్కికుడు. దేవుడికి హద్దుల్లేవు, క్రీస్తులో దైవమూ మానుషమూ విడదీయలేనట్టు కలిసి ఉన్నాయి, బొమ్మ గీస్తే దైవాన్ని హద్దుల్లో బంధించినట్టైనా అవుతుంది, లేదా మానుషాన్ని విడదీసినట్టైనా అవుతుంది అన్నాడు. నిజమైన బొమ్మ అంటే మూలంతో ఒకే పదార్థం అయి ఉండాలి, కాబట్టి క్రీస్తుకు అసలైన బొమ్మ ప్రభువు బల్లలోని రొట్టె ఒక్కటే అన్నాడు.

నికెఫోరస్ ఈ వాదాన్ని అరిస్టాటిల్ పద్ధతిలో విప్పుతాడు. బొమ్మకూ మూలానికీ ఉన్నది పోలిక, పదార్థం ఒకటి కావడం కాదు. తండ్రి అనే మాటకు కొడుకుతో ఉన్నట్టే బొమ్మకు మూలంతో సంబంధం ఉంటుంది, కానీ రెండూ ఒకటి కావు. గీయడం వేరు, హద్దుల్లో ఉండటం వేరు. మన ఇళ్ళల్లో పోయిన తాతగారి ఫొటోకు దండ వేస్తాం, తాతగారు ఆ ఫ్రేములో ఇరుక్కుపోయారని ఎవరం అనుకోం. వస్తువులకు హద్దు చోటు వల్ల రావచ్చు, కాలం వల్ల రావచ్చు, బుద్ధికి అందడం వల్ల రావచ్చు అని వివరిస్తాడు. క్రీస్తుకు శరీరం ఉంది, ఒక ఊళ్ళో పుట్టాడు, అలిసిపోయాడు, చనిపోయాడు. ఎవరు గీసినా గీయకపోయినా ఆ శరీరానికి హద్దులున్నాయి. కాబట్టి గీయకూడదు అనడం చివరికి ఆ శరీరాన్నే కాదనడం దగ్గరికి వెళ్తుంది. ఇక ప్రభువు బల్లలోని రొట్టె బొమ్మ కాదు, అది ఆయన శరీరమే అంటాడు. వాదన పొడవుగా ఉంటుంది, అక్కడక్కడా తిట్లూ ఉంటాయి, కానీ ఎక్కడా దారి తప్పదు.

ఇంకో మేలు కూడా జరిగింది. ఖండించడానికి ముందు ఎదుటివాడి మాటల్ని ఆయన ఉన్నవి ఉన్నట్టు ఎత్తిరాశాడు. 843లో పటాలు తిరిగొచ్చాక వాటి వ్యతిరేకుల రచనలు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. ఐదో కాన్‌స్టంటైన్ తన మాటల్లో ఏమన్నాడో, 815 సభ ఏమని తీర్మానించిందో ఈ రోజు మనకు తెలుస్తున్నది ప్రధానంగా నికెఫోరస్ పేజీల వల్లే. దస్త్రాల మధ్య పెరిగిన కార్యదర్శి అలవాటు ఇలా పనికొచ్చింది.

820 క్రిస్మస్ రోజున లియో హత్యకు గురయ్యాడు. తర్వాత వచ్చిన రెండో మైకేల్ ప్రవాసంలో ఉన్నవాళ్ళని వదిలిపెట్టాడు. థియోడోర్ వెళ్ళి నికెఫోరస్‌ను కలిశాడు. పటాల ఆరాధనను తిరిగి నిలబెట్టమని నికెఫోరస్ ఉత్తరం రాస్తే, ఏ సభ గురించీ ఎవరూ మాట్లాడకుండా ఉంటే చాలని చక్రవర్తి జవాబిచ్చాడు. ఆ మౌనం ధరకు పాత పీఠం తిరిగి కొనుక్కోవడానికి నికెఫోరస్ సిద్ధపడలేదు. 828లో, ప్రవాసంలోనే కన్నుమూశాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్న: పునీతుడు ఎలా అయ్యాడు? రోమ్‌లో తర్వాతి శతాబ్దాల్లో వచ్చినట్టుగా అద్భుతాల విచారణ, అధికారిక ప్రకటన అనే పద్ధతి అప్పటి బైజాంటియన్‌లో లేదు. ఎవరో జీవితచరిత్ర రాస్తారు, భౌతికకాయాన్ని గౌరవంగా తెస్తారు, పండుగల పట్టికలో పేరు ఎక్కుతుంది, ఆరాధనలో ఆ పేరు చదువుతారు. నికెఫోరస్ జీవితం రాసింది ఇగ్నేషియస్ అనే డీకన్. ఈయన మధ్యలో పటాల వ్యతిరేకుల వైపు వెళ్ళి తిరిగొచ్చినవాడు, ఆ పశ్చాత్తాపం పుస్తకంలో కనిపిస్తుంది. అద్భుతాలకు దాదాపు చోటే లేదు. గుండెకాయ లాంటి భాగం లియోతో జరిగిన సుదీర్ఘ సంవాదం. అంటే ఆ కాలంవాళ్ళు ఆయన పవిత్రతను చూసింది కాదనగలగడంలో.

843 మార్చి 11న థియోడోరా మహారాణి కాలంలో పటాలు తిరిగొచ్చాయి. 847 మార్చి 13న పాట్రియార్క్ మెథోడియోస్ నికెఫోరస్ భౌతికకాయాన్ని రాజధానికి తెప్పించి, పవిత్ర అపొస్తలుల ఆలయంలో ఉంచాడు. అందులో భక్తితో పాటు రాజకీయమూ ఉంది. ఆ రోజుల్లో మెథోడియోస్‌కు స్టూడియోస్ మఠంతో మళ్ళీ గొడవ నడుస్తోంది. తరాసియోస్‌ను, నికెఫోరస్‌ను విమర్శిస్తూ థియోడోర్ రాసినవాటిని తిరస్కరించమని ఆయన ఆ సన్యాసుల మీద ఒత్తిడి తెచ్చాడు. సర్దుబాటు తెలిసిన పాట్రియార్క్‌లు కూడా పునీతులేనని ఊరేగింపుతో చెప్పినట్టయింది. చివరికి సంఘం నికెఫోరస్‌నూ స్టూడియోస్ థియోడోర్‌నూ ఇద్దరినీ పునీతుల్ని చేసుకుంది. నికెఫోరస్ పండుగ జూన్ 2న, కాయం తిరిగొచ్చిన జ్ఞాపకం మార్చి 13న. ఉపవాస కాలపు మొదటి ఆదివారం చదివే సినోడికాన్ అనే విశ్వాస ప్రకటనలో గెర్మానోస్, తరాసియోస్, నికెఫోరస్, మెథోడియోస్ పేర్లు కలిపే వస్తాయి. ఈ నలుగురి మొజాయిక్ చిత్రాలూ హాగియా సోఫియా నైరుతి వైపు పై గదిలో వేశారు. మాస్కోలో ఉన్న ఖ్లుదోవ్ కీర్తనల గ్రంథంలోనైతే నికెఫోరస్ క్రీస్తు పటం పట్టుకుని పండితుడు జాన్‌ను కాళ్ళ కింద తొక్కుతున్నట్టు గీశారు. గెలిచిన పక్షం కోపం ఆ బొమ్మలో దాగలేదు.

ఇక చదవడం సంగతి. ముందు ఆయన ‘సంక్షిప్త చరిత్ర’తో మొదలుపెట్టండి. 602 నుంచి 769 వరకు జరిగినవి అందులో ఉన్నాయి: హెరాక్లియస్ చక్రవర్తి పర్షియా యుద్ధాలు, అరబ్బుల రాక, 717-18లో వాళ్ళు రాజధానిని ముట్టడించడం, ఐదో కాన్‌స్టంటైన్ కాలం. చిన్న పుస్తకం, ఇంగ్లీషు అనువాదం ఉంది, కథనం చకచకా సాగుతుంది. పాట్రియార్క్ కాకముందు రాసినదని చాలామంది పండితుల అభిప్రాయం. దాని తర్వాత ఇగ్నేషియస్ రాసిన జీవితచరిత్ర చదవండి. లియోతో సంవాదం వచ్చేచోట తొందరపడొద్దు. ఆ వాదనలు ఒకసారి ఒంటబట్టాక ఖండన గ్రంథాల్లోకి వెళ్ళండి, మొదటిదాని కంటే రెండోది ముందు చదివినా నష్టం లేదు, హద్దుల గురించిన చర్చ ఎక్కువగా అక్కడే ఉంది.